ఓనమాల నుంచి సీతమ్మ కథ దాకా: నెల్లూరు సీమలో తొలి పుస్తకాలు

చదువు మొదలుపెట్టేవారి చేతికి ముందుగా ఏ పుస్తకం ఇవ్వాలన్న ప్రశ్నకు నెల్లూరు సీమలో కనీసం రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. దాన్ని కోర్టు దుబాసీలు, కంపెనీ దొరలు, అచ్చుకూటాల యజమానులు, పాదిరీలు, కలెక్టరాఫీసు ఉద్యోగులు తమ తమ కాలాల్లో తమకు తోచిన తీరున తేల్చారు. పుస్తకం మారిన ప్రతిసారీ చదువు ఎవరిదన్న లెక్క కూడా మారింది. ఇక్కడ నెల్లూరు సీమ అంటే పాత జిల్లా: 1904 దాకా ఒంగోలు, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కందుకూరు కూడా ఇందులోనివే. దక్షిణాన పులికాట్ సరస్సు దాకా సాగిన పొడవాటి సముద్రతీరం దీనిది.

పుస్తకం రాకముందు తొలి పాఠం ఇసుకలో జరిగేది. వీధి అరుగు మీదో, గుడి మండపంలోనో, పందిరి కిందో అయ్యవారు బడి పెట్టేవాడు. నేల మీద ఇసుక పరిచి, పిల్లవాడి వేలు పట్టుకుని ఓనమాలు దిద్దించేవాడు. దిద్దుతూ పైకి పలకాలి, పలుకుతూ దిద్దాలి. అక్షరాలు వచ్చాక గుణింతం. తలకట్టు, దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం, కొమ్ము, ఏత్వం అంటూ హల్లుకు చేరే ప్రతి గుర్తుకూ ఒక పేరుండేది. ఆ పేర్లే సగం పాఠం. అవి నోటికి వచ్చినవాడికి ఎంత తెలియని మాటైనా రాయడం కష్టం కాదు. ఆ తర్వాత వత్తులు, ఎక్కాలు, తాటాకు, గంటం. తీరం వెంబడి తాటిచెట్లకు కొదవ లేదు గనుక ఆకుకు ఇబ్బంది ఉండేది కాదు. ఆకు మీద గీసిన గీతలో మసి పూస్తే అక్షరం నల్లగా తేలుతుంది.

ఈ బడుల సంఖ్య గురించి మనకు తెలిసింది మద్రాసు గవర్నరు థామస్ మన్రో పుణ్యమే. 1822లో ఆయన ప్రతి కలెక్టరునూ తన జిల్లాలోని బడులను, పిల్లలను లెక్కపెట్టి పంపమన్నాడు. ఆ జవాబులన్నీ కూర్చి రెవెన్యూ బోర్డు తయారుచేసిన పట్టికలో నెల్లూరు జిల్లా వాటా సుమారు 700 బడులు, 7,600 మందికి పైగా పిల్లలు. అంటే బడికి సగటున పదకొండు మంది. ఒక అయ్యవారు ఒక్కొక్క పిల్లవాడి వేలు పట్టుకుని దిద్దించడానికి వీలైన సంఖ్య ఇది. అందుకే ఆ బడికి పుస్తకం లేని లోటు తెలియలేదు. పాఠం అయ్యవారి నోట ఉండేది, పిల్లవాడి చెవికి చేరేది.

అయితే ఆ పాఠంలో ఏముందన్న దగ్గర అప్పుడే తగవు మొదలైంది. మన్రో ప్రశ్నలకు 1823లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ రాసిన జవాబు వీధిబడుల గురించి మిగిలిన వివరణల్లో ప్రసిద్ధమైనది. పిల్లలు రామాయణ, భారత, భాగవతాల పద్యాలు గడగడా చదువుతారనీ, ఆ పద్యాల భాష వేరు, ఇంట్లో మాట్లాడే భాష వేరు కావడం వల్ల చదివేవారికి అర్థం అందదనీ అందులో ఆయన బాధపడ్డాడు. క్యాంబెల్ మాట తేలిగ్గా తీసెయ్యదగ్గది కాదు. 1816లోనే తెలుగుకు ఇంగ్లీషులో వ్యాకరణం అచ్చువేసినవాడు, భాష లోతు తెలిసినవాడు.

ఆయన కంటే మూడేళ్ళ ముందే, ఇదే మాట ఈ సీమ మనిషి ఒకరు చెప్పారు. వెన్నెలకంటి సుబ్బారావు 1784లో కందుకూరు దగ్గర ఓగూరులో పుట్టాడు. పల్లెటూరి చదువుతో మొదలై అనేక భాషలు నేర్చి, మద్రాసు సదర్ అదాలతులో 1815 నుంచి 1829 దాకా అనువాదకుడుగా, దుబాసీగా పనిచేశాడు. ఇంగ్లీషులో స్వీయచరిత్ర రాసుకున్నాడు. 1839లో ఆయన కన్నుమూశాక, 1873లో కుమారుడు దాన్ని మద్రాసులో అచ్చువేయించాడు. 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీలో సభ్యుడయ్యాక, బడుల్లో చదువు ఎలా సాగుతున్నదో వివరిస్తూ ఆయన ఒక నివేదిక సమర్పించాడు. అర్థం తెలియని పద్యాలు వల్లె వేస్తూ ఏళ్ళు గడపడం వృథా అనీ, పిల్లలకు అర్థమయ్యే కథలతో పాఠ్యపుస్తకాలు కావాలనీ ఆయన వాదం. పదిమంది భాషల మధ్య రోజూ మాట అటు నుంచి ఇటు చేరవేసే వృత్తి ఆయనది. మాటకు అర్థం అందకపోతే ఏమవుతుందో కోర్టులో కళ్ళారా చూసినవాడు. తొలి పుస్తకం గురించి తెలుగువాడు చేసిన ఆలోచనల్లో ఇంత స్పష్టమైనది ఆ కాలంలో అరుదు. దీనికి దక్కాల్సిన పేరు దక్కలేదనే చెప్పాలి.

పుస్తకాలు తయారవుతున్నది అప్పటికి మరొకరి కోసం. 1812లో మద్రాసులో వెలసిన సెయింట్ జార్జి కోట కళాశాల, ఇంగ్లండు నుంచి కొత్తగా దిగిన సివిల్ ఉద్యోగులకు దేశభాషలు నేర్పేది. తెలుగు నేర్వడానికి క్రమపద్ధతిలో అచ్చయిన పుస్తకాలు మొదట వాళ్ళకే అందాయి. క్యాంబెల్ వ్యాకరణానికి తోడ్పడిన పండితుల్లో ఉదయగిరి వెంకటనారాయణ ఒకరు. ఇంటిపేరులోనే నెల్లూరు సీమ కొండకోట ఉంది. అదే కళాశాలలో చదువు చెప్పిన రావిపాటి గురుమూర్తిశాస్త్రి 1819లో విక్రమార్కుని కథలను, 1834లో పంచతంత్రాన్ని వచనంలో అందించాడు. కొత్తగా నేర్చేవారికి పద్యం కంటే వచనం, శాస్త్రం కంటే కథ ముందు కావాలన్న సూత్రాన్ని కళాశాల గుర్తించింది. దొరలకు వర్తించిన ఆ సూత్రం వీధిబడి పిల్లవాడి దాకా రావడానికి చాలాకాలం పట్టింది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఆ సూత్రాన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు. తన దగ్గర పనిచేసిన తాతాచారి నోట విన్న కథలను, మాట్లాడే తీరు చెడకుండా 1855లో అచ్చువేశాడు. తెలుగు నేర్చే ఇంగ్లీషువాడికి జనం నోటి తెలుగు తెలియాలన్నది బ్రౌన్ ఉద్దేశం. ఊరి సంగతులు, దొంగలు, అధికారులు, దయ్యాలు, కచేరీ వ్యవహారాలు ఆ కథల్లో ఉన్నాయి. చాలాకాలం మరుగునపడ్డ ఆ పుస్తకాన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చినవాడు నెల్లూరు సీమకు చెందిన పరిశోధకుడు బంగోరె, అసలు పేరు బండి గోపాలరెడ్డి.

తెలుగు పిల్లలకోసమని చెప్పుకోదగ్గ తొలి పుస్తకం బాలశిక్ష. క్లూలో అనే కంపెనీ అధికారి ప్రోత్సాహంతో పుదూరు చదలవాడ సీతారామశాస్త్రి దీన్ని రచించాడు. 1832లో మద్రాసులో వెలువడింది. తర్వాతి కూర్పుల్లో పెరుగుతూ పెరుగుతూ పెద్ద బాలశిక్ష అయింది. పేరులో పెద్ద, బాల రెండూ ఉండటం దాని స్వభావానికి సరిగ్గా సరిపోయింది.

పెద్ద బాలశిక్ష పుటలు వరసగా తిప్పితే అందులో ఒక బోధనాక్రమం కనిపిస్తుంది. మొదట అచ్చులు, హల్లులు. పిమ్మట గుణింతాలు, వత్తులు. ఆపైన రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు, క్రమంగా పొడవయ్యే పదాలు, చిన్న వాక్యాలు, నీతి వాక్యాలు. అక్కడితో చదవడం వచ్చినట్టే. అక్కణ్ణుంచి పుస్తకం లోకంలోకి దారి తీస్తుంది. ప్రభవ మొదలు అరవై సంవత్సరాల పేర్లు, నెలలు, ఋతువులు, తిథులు, నక్షత్రాలు, రాశులు, ఎక్కాలు, కొలతలు, తూకాలు, నదులు, దేశాలు, శ్లోకాలు, పద్యాలు. అయ్యవారి నోట ఉండే చదువంతా ఒక్క అట్టల మధ్యకు చేరింది. పంచాంగం చూడటం, అంగట్లో లెక్క సరిచూడటం, ఉత్తరం అర్థం చేసుకోవడం దీనితో సాధ్యం. పేదింటి పిల్లవాడు బతుకంతా కలిపి ఒక్క పుస్తకమే కొనగలడనుకుంటే ఆ ఒక్కటీ ఇదే కావాలి. ఆ లెక్క వేసినవారు మనుషుల అవసరం ఎరిగినవారు. లోపం కూడా అక్కడే ఉంది. మాటలు అక్షరాల సంఖ్యను బట్టి వస్తాయి గాని పిల్లవాడికి తెలిసినవా అన్నదాన్ని బట్టి కాదు. సుబ్బారావు అడిగిన అర్థం ఇంకా రెండో వరసలోనే ఉండిపోయింది.

పెద్ద బాలశిక్షను ఊరూరికీ చేర్చినవాళ్ళలో ముందు చెప్పవలసినవారు వావిళ్ళవారు. వారి ఇంటిపేరు నెల్లూరు జిల్లాలో సముద్రానికి దగ్గరగా, విడవలూరు ప్రాంతంలో ఉన్న ఊరి పేరు. వావిళ్ళ రామస్వామి శాస్త్రులు 1850ల్లో మద్రాసులో అచ్చుకూటం పెట్టి, సంస్కృతాంధ్ర గ్రంథాలను పరిష్కరించి వెలువరించడం మొదలుపెట్టారు. ఆయన కుమారుడు వేంకటేశ్వర శాస్త్రులు (1884–1956) ఆ పనిని తెలుగుదేశమంతటా ఎరిగిన సంస్థగా పెంచాడు. కావ్యాలు, శాస్త్రాలు, వ్యాఖ్యానాలు ఎంత శ్రద్ధగా అచ్చువేశారో పెద్ద బాలశిక్షనూ అంతే శ్రద్ధగా వేశారు. తప్పుల్లేని అక్షరం, చదవడానికి వీలైన పెద్ద అచ్చు, అందుబాటు ధర వారి పుస్తకాలకు గుర్తింపు తెచ్చాయి. తొలి పుస్తకంలో అచ్చుతప్పు పడితే ఆ తప్పు పిల్లవాడి చేతిలో జీవితాంతం ఉంటుంది. మహాపండితులున్న ముద్రణాలయం ఓనమాల పుస్తకం ప్రూఫులు దిద్దడం చిన్న సంగతి కాదు.

ఇదే కాలంలో తీరానికి మరో రకం తొలి పుస్తకం వచ్చింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరి మిషన్ నెలకొల్పాడు. తర్వాత 1870ల్లో కందుకూరు తీరాన రామాయపట్నంలో తెలుగు బోధకులను తయారుచేసే వేదాంత పాఠశాల నడిచింది. పాదిరీల దృష్టిలో చదువు పరమార్థం బైబిలు చదవగలగడం. అందువల్ల వారి బడుల్లో వాచకం నుంచి సువార్తకు నేరుగా దారి ఉండేది. ఉద్దేశం మతమే అయినా ఫలితం అంతకంటే విశాలమైంది. వీధిబడి అరుగు ఎక్కడానికి వీల్లేని మాల మాదిగ పల్లెల పిల్లలు, ఆడపిల్లలు పలక పట్టడం ఈ బడులతో ఊపందుకుంది. వీధిబడి లెక్కల్లో ఆడపిల్లలు వేళ్ళమీద లెక్కించదగినంత మందే. అక్షరం ఎవరిదో నిర్ణయించేది పుస్తకం ఒక్కటే కాదు, ఆ పుస్తకం దొరికే చోటు కూడా అని నెల్లూరు మిషన్ బడులు రుజువు చేశాయి.

కంపెనీ ప్రభుత్వ విద్యావిధానాన్ని నిర్దేశించిన 1854 నాటి వుడ్ పత్రం తర్వాత సర్కారు గ్రాంటులు, తనిఖీలు, పరీక్షలు వచ్చాయి. తరగతికొక వాచకం వచ్చింది. చిన్నయసూరి నీతిచంద్రిక (1853), బాలవ్యాకరణం (1858) పై తరగతుల తెలుగుకు ప్రమాణాలయ్యాయి. ఆ ప్రమాణం కింది వాచకాల మీదా పడింది. సూరి వచనం సొగసు కాదనలేనిది. అయితే ఎనిమిదేళ్ళ పిల్లవాడి వాచకం ఆ సొగసును అనుకరించబోయి చదవలేని మాటల కుప్ప కావడం చాలాచోట్ల జరిగింది.

ఈ దశలో నెల్లూరులో ఒక విశేషం ఉంది. వేదం వేంకటరాయ శాస్త్రి (1853–1929) ప్రతాపరుద్రీయం నాటకంలో పాత్రకు తగ్గ భాష పెట్టాడు. రాజులు, మంత్రులు గ్రాంథికం మాట్లాడితే చాకలి పేరిగాడు తన వాడుక మాట మాట్లాడతాడు. ఆయన నాటకాలను నెల్లూరులోని ఆంధ్ర భాషాభిమాని సమాజం రంగం మీద ప్రదర్శించింది. జనం మెచ్చుకున్నారు. కానీ పాఠ్యపుస్తకానికి వచ్చేసరికి శాస్త్రిగారు గ్రామ్యాన్ని ఒప్పుకోలేదు. గిడుగు రామమూర్తి, పి.టి. శ్రీనివాస అయ్యంగారు, జె.ఎ. యేట్స్, గురజాడ అప్పారావు కలిసి 1906 తర్వాత నడిపిన వ్యావహారిక వాదానికి ఆయన ఎదురు నిలిచాడు. 1913లో స్కూలు ఫైనలు పరీక్షలో వాడుక భాషకు దొరికిన చోటు త్వరలోనే పోయింది. రంగస్థలం మీద పేరిగాడి మాటలో ఉన్న ప్రాణాన్ని గుర్తించిన ప్రతిభ, పేరిగాడి పిల్లల వాచకానికి ఆ ప్రాణం అక్కర్లేదనుకోవడం తెలుగు చదువుకు జరిగిన నష్టం. వాచకాల్లో వాడుక తెలుగు స్థిరపడటానికి స్వాతంత్ర్యం తర్వాత కూడా సమయం పట్టింది.

అప్పటికీ పుస్తకం చేరనివారు తీరంలో ఎక్కువే. వేటకు పోయే పట్టపు కుటుంబాలు, ఉప్పుకొటారుల కూలీలు, శ్రీహరికోట అడవిలోనూ చెరువుకట్టల మీదా బతికిన యానాదులు బడి లెక్కల్లోకి రాలేదు. నెల్లూరుకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య జీవితమంతా యానాదుల కోసం పనిచేశాడు. వాళ్ళమీద ఆయన రాసిన పుస్తకం ఇప్పటికీ ఆధార గ్రంథం. యానాదుల మీద నేరస్థ జాతి ముద్ర ఉన్న కాలంలో వాళ్ళ పిల్లలకు బడి కావాలనడం పోరాటమే. ఆయన దాన్ని వదలకుండా చేశాడు.

పెద్దవాళ్ళ చదువు కోసం 1988లో జాతీయ అక్షరాస్యతా మిషన్ ఏర్పడింది. 15 నుంచి 35 ఏళ్ళ మధ్య వయసువారు దాని లక్ష్యం. ఈ మిషన్ తొలి పుస్తకం తయారీనే మార్చేసింది. మూడు వాచకాలు వరసగా ఉంటాయి. ప్రతి పాఠం ఒక బొమ్మతో, చదివేవారికి బాగా తెలిసిన ఒక మాటతో మొదలవుతుంది. ముందు ఆ బొమ్మ గురించి మాట్లాడుకోవాలి. తర్వాత ఆ మాటను చూసి గుర్తుపట్టాలి. ఆపైన దాన్ని విడగొట్టి అందులోని అక్షరాలు, గుర్తులు నేర్చుకోవాలి. నేర్చిన అక్షరాలతో కొత్త మాటలు కట్టాలి. అ నుంచి ఱ దాకా వరసగా పోవడం ఉండదు. ఎక్కువ అవసరపడే అక్షరాలు ముందు, అరుదైనవి వెనుక. అభ్యాసాలు, పరీక్షలు వాచకంలోనే కలిపి ఉంటాయి. అందువల్ల ఎవరెంత నేర్చారో వారికే తెలుస్తుంది. ఓగూరు సుబ్బారావు 1820లో కోరిన అర్థం ఈ పద్ధతిలో మొదటి మెట్టు ఎక్కింది.

1991లో నెల్లూరు జిల్లా సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలోకి దిగింది. ఊరూరా కళాజాతలు తిరిగాయి. పాటలు, వీధినాటకాలు ముందు, పలకలు, వాచకాలు వెనుక. జీతం లేని వాలంటీర్లు, చాలామంది చదువుకున్న పల్లెటూరి యువతీయువకులు, చీకటిపడ్డాక లాంతర్ల వెలుగులో పాఠాలు చెప్పారు. పగలంతా కూలికి పోయి, వంట ముగించి వచ్చిన ఆడవాళ్ళే తరగతుల్లో ఎక్కువ. ఆ వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. తాగుబోతు భర్త సంపాదనంతా సారా పాకకు ఇచ్చి ఇంటిని నాశనం చేస్తే బతకలేక ప్రాణం తీసుకున్న ఆడమనిషి కథ అది. పాఠం చదవడం పూర్తయ్యాక దాని మీద మాట్లాడుకోవాలి. పద్ధతిలోనే ఆ నియమం ఉంది. నెల్లూరు పల్లెల్లో ఆ మాటలు ఆగలేదు. ప్రతి ఇంట్లోనూ ఒక సీతమ్మ ఉంది. ప్రభుత్వం తానే వారుణి వాహిని పేరుతో సారాను పాకెట్లలో ఊళ్ళోకి పంపుతున్న రోజులవి. తాగునీరు సరిగా రాని ఊరికీ సారా పాకెట్టు వచ్చేది.

కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. వర్ధినేని రోశమ్మ ముందు నిలిచింది. దూబగుంట సంగతి తర్వాతి వాచకంలో ఆడవాళ్ళు ఏకమైతే అనే పాఠంగా వచ్చింది. ఒక ఊరివాళ్ళు చేసిన పని పక్క ఊరివాళ్ళకు చదువు నేర్పే పాఠమైంది. ఆ పాఠం చదివిన ఊళ్ళు దూబగుంట చేసిందే చేశాయి. సారా బండ్లను ఊరి పొలిమేరలోనే ఆపారు. 1992లో జిల్లాలో సారా వేలం పాటలను ఆడవాళ్ళు అడ్డుకున్నారు. అవి పదేపదే వాయిదా పడ్డాయి. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం అమలైంది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో మద్యం తిరిగి వచ్చింది గాని సారా పాకెట్లు వెనక్కి రాలేదు.

ఒక వాచకం పాఠం ఇంత పని చేయగలదని దాన్ని రాసినవారు కూడా ఊహించి ఉండరు. కారణం వాచకం కూర్పులోనే ఉంది. మాటలు తెలిసినవి, సంగతి తెలిసినది, చర్చకు చోటు పాఠంలోనే ఉంది, చదివేవారు ఒంటరిగా గాక గుంపుగా చదివారు. పెద్ద బాలశిక్ష పిల్లవాడికి లోకాన్ని చేతికందించింది. సీతమ్మ కథ చదివేవారి బతుకునే వారి ముందు పెట్టి మాట్లాడమంది. రెండూ మంచి పుస్తకాలే. కాని పెద్దవయసులో చదువు మొదలుపెట్టినవారికి రెండోదే సరైన ఎంపిక. వారికి లోకం ముందే తెలుసు. తెలియనిది దానికి వేసిన అక్షరం మాత్రమే.

అక్షరాస్యతా ఉద్యమం తర్వాతి దశలు అంత బలంగా సాగలేదు. నేర్చిన అక్షరం నిలవడానికి చదవడానికి తగ్గ చిన్న పుస్తకాలు ఊళ్ళో ఉండాలి. ఆ సరఫరా తగ్గినచోట చాలామంది నేర్చినది మరిచారు. 1991 జనాభా లెక్కల నాటికి జిల్లాలో సగం మందికి కూడా చదువు రాదు. 2011 నాటికి అక్షరాస్యత సుమారు 69 శాతానికి చేరింది. 2009లో కేంద్రం సాక్షర భారత్ పేరుతో మొదలుపెట్టిన కొత్త కార్యక్రమం స్త్రీలనే ప్రధాన లక్ష్యంగా పెట్టుకుంది. దాని వాచకాలూ బొమ్మ, తెలిసిన మాట, చర్చ అన్న క్రమాన్నే అనుసరించాయి. పెద్ద బాలశిక్ష మాత్రం ఇప్పటికీ కొత్త కూర్పుల్లో, అంతకంతకూ లావు పెరుగుతూ, నెల్లూరు పుస్తకాల అంగళ్ళలో దొరుకుతూనే ఉంది. కొనేవారిలో ఎక్కువమంది అక్షరాభ్యాసం జరగబోయే పిల్లల తల్లిదండ్రులే.